కేటాయింపుకు ముందు లెక్క: వాతావరణ మార్పు, ప్రభుత్వ బడ్జెట్
(బి.పి.ఆర్. విఠల్ స్మారకోపన్యాస పాఠం)

బి.పి.ఆర్. విఠల్‌గారి పేరిట జరిగే సభలో ప్రభుత్వ ఖజానా గురించి మాట్లాడటమే సబబు అనిపించింది. 1970లలో దాదాపు పదేళ్లపాటు ఆయన ఆంధ్రప్రదేశ్ ఆర్థిక, ప్రణాళికా వ్యవహారాలను కార్యదర్శిగా నడిపారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది ఆయన హయాంలోనే. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ విపత్తు తర్వాత జరిగింది అప్పటి ఆనవాయితీయే. నష్టం అంచనా వేసి ఢిల్లీకి పంపడం, కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్లడం, ఎంత ఇస్తారోనని ఎదురుచూడటం. 1990లో తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో ప్రతి రాష్ట్రానికీ ముందే కట్టిపెట్టిన విపత్తు సహాయ నిధి ఏర్పడింది. కె.సి. పంత్ అధ్యక్షతన పనిచేసిన పదో ఆర్థిక సంఘంలో విఠల్‌గారు సభ్యులు. రాష్ట్రాల నిధిని నిలబెడుతూనే, ఏ ఒక్క రాష్ట్రమూ మోయలేని విపత్తుల కోసం 700 కోట్ల రూపాయలతో జాతీయ నిధి ఉండాలని ఆ సంఘం చెప్పింది. తుపాను రాకముందే డబ్బు పక్కన పెట్టుకోవాలన్న ఆలోచన మన ఆర్థిక వ్యవస్థలో అలా స్థిరపడింది.

ఆయన పేరు వింటే గుర్తుకొచ్చే మరో సంగతి తెలంగాణ మిగులు నిధులు. ఆ అంశం మీద ఆయన లోతుగా రాశారు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం రాష్ట్ర సాధారణ పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి, తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే పోవాలి. వినడానికి తేలికైన సూత్రం. 1969లో ఆ మిగులు తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, ఆ వెంటనే జస్టిస్ భార్గవ కమిటీ కూర్చోవలసి వచ్చింది. ఉన్నది ఒకే సచివాలయం. హైకోర్టూ ఒకటే, అప్పుల మీద కట్టే వడ్డీ కూడా ఉమ్మడి. వీటి ఖర్చులో ఏ ప్రాంతపు వాటా ఎంత అన్నదాన్ని ఏ ఖాతా పుస్తకమూ తనంతట తాను చెప్పదు. ముందు ఒక నియమం పెట్టుకోవాలి, ఆ నియమాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే అంకె పుడుతుంది. ఆ నియమం మీద నమ్మకం లేని చోట అంకె ఎంత కచ్చితంగా ఉన్నా వీధిలో దానికి విలువ ఉండదు. తెలుగువాళ్లకు ఈ పాఠం 1969 తెలంగాణ ఉద్యమంలో రక్తం చిందించి తెలిసింది.

ఈరోజు ప్రపంచంలోని చాలా ఆర్థిక మంత్రిత్వ శాఖలు అలాంటి వాటా ప్రశ్న ముందే నిలబడి ఉన్నాయి. ఈ బడ్జెట్‌లో వాతావరణ మార్పు కోసం పెడుతున్నది ఎంత? ఒక కాలువ ఆధునీకరణ, ఒక ఆసుపత్రి, ఒక ఉపాధి పథకం: వీటిలో వాతావరణం వాటా ఎంత? దీనికి జవాబు వెతికే పద్ధతినే క్లైమేట్ బడ్జెట్ అంటున్నారు. ప్రతి పద్దు పక్కన ఒక గుర్తు, అంటే ట్యాగ్, వేస్తారు. ఉద్గారాలు తగ్గించే ఖర్చుకు ఒక గుర్తు, ఎండనూ వాననూ ఉప్పెననూ తట్టుకోవడానికి చేసే ఖర్చుకు మరొకటి. ఏడాది చివర గుర్తులున్న పద్దులన్నీ కూడితే ఒక మొత్తం వస్తుంది. ఈ గుర్తు కేటాయింపు అయిపోయాక వేసేదైతే దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. కేటాయింపు నిర్ణయం కాకముందే, శాఖ తన ప్రతిపాదన రాస్తున్నప్పుడే పడాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

గుర్తు వేసే అలవాటు దాతల దగ్గర మొదలైంది. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ 1998లో తన సభ్యదేశాల విదేశీ సాయానికి ఒక కొలత పెట్టింది. ప్రాజెక్టు ప్రధాన లక్ష్యం వాతావరణమైతే 2, ముఖ్యమైన లక్ష్యాల్లో ఒకటైతే 1, ఏమీ కాకపోతే 0. వేసేది ఇచ్చేవాడే, చూసుకునేదీ ఇచ్చేవాడే. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాల నుంచి ఏటా పదివేల కోట్ల డాలర్ల హామీ వచ్చాక ఈ గుర్తుల మీద పెద్ద గొడవే జరిగింది. 2014లో 6,180 కోట్ల డాలర్లు సమకూరాయని ఓఈసీడీ 2015లో లెక్క చెప్పింది. భారత ఆర్థిక మంత్రిత్వ శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం ఆ లెక్కను వరుసవరుసగా విప్పి చూసి, గట్టిగా నిలబడే అంకె వాతావరణ నిధులు నిజంగా విడుదల చేసిన 220 కోట్ల డాలర్లేనని జవాబిచ్చింది. అప్పుల ముఖవిలువను సాయంగా చూపడం, హామీని చెల్లింపుగా రాయడం, పాత అభివృద్ధి సాయానికే కొత్త పేరు పెట్టడం అని తప్పులు చూపింది. ఆ పత్రం చదివినప్పుడు మన అధికారుల నిశితత్వానికి గర్వం కలిగింది. అదే నిశితత్వాన్ని మనం మన సొంత లెక్కల మీద చూపిస్తున్నామా అన్నది ఆ వెంటే కలిగిన ప్రశ్న.

2023 డిసెంబరులో భారతదేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక ప్రకారం, వాతావరణ మార్పును తట్టుకోవడానికి సంబంధించిన మన వ్యయం 2015-16లో స్థూల దేశీయోత్పత్తిలో 3.7 శాతం, 2021-22 నాటికి 5.6 శాతం. చిన్న అంకె కాదు. వ్యవసాయం, నీరు, ఆరోగ్యం, జీవనోపాధి వంటి రంగాల ఖర్చు అంతా ఇందులో కలిసి వస్తుంది. పేదరికం తగ్గితే ఎండను తట్టుకునే శక్తి పెరుగుతుందన్న వాదనలో నిజం ఉంది, నేను కాదనను. కానీ వాతావరణం మారకపోయినా మనం పెట్టే ఖర్చు ఎంత, మారుతున్నందువల్ల అదనంగా పెడుతున్నది ఎంత అన్నది ఆ 5.6లో కనబడదు. ఓఈసీడీని మనం అడిగిన ప్రశ్న కూడా ఇదే.

ఈ అదనాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో విశాఖపట్నంలో చూడవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరాన్ని తాకింది. స్తంభాలు వరుసలకు వరుసలు పడిపోయాయి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. కరెంటు లేక నీళ్లు రాలేదు, ఫోన్లు పనిచేయలేదు. మరుసటి సంవత్సరం ప్రపంచ బ్యాంకు అప్పుతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖలో భూగర్భ విద్యుత్ కేబుళ్లు వేసే పని చేర్చారు. ఈ ఖర్చుకు ఏ గుర్తు వేస్తారు? స్తంభాల మీద తీగలు లాగినా కొంత ఖర్చు అయ్యేది, కరెంటు ఎలాగూ ఇవ్వాలి కాబట్టి అది మామూలు ఖర్చు. నేల కింద వేయడానికి అయ్యే అదనపు ఖర్చు తుపానును తట్టుకోవడానికి పెట్టింది. నా లెక్కలో రెండింటి తేడాయే వాతావరణ వ్యయం. కొందరు మొత్తం ప్రాజెక్టునే రాసుకుంటారు. కొందరు అసలు రాయరు, అది విద్యుత్ శాఖ పని అంటారు. ముగ్గురు అధికారులు ఒకే కేబుల్‌కు మూడు అంకెలు చెప్పగలరు, ముగ్గురి దగ్గరా తర్కం ఉంటుంది. మరో చిక్కు కూడా ఉంది. తీగలు నేల కిందికి పోతే నగరం అందంగా కనబడుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి. ఆ లాభాలకు ఎంత వాటా ఇవ్వాలి? అందుకే నియమం ముందుగా రాసి ఉండాలి, అందరికీ అదే వర్తించాలి, దాన్ని బయటివాళ్లు చదివి తప్పుపట్టగలిగేలా ఉండాలి.

ఈ పని దేశ బడ్జెట్లో మొదట చేసింది మన ఇరుగుపొరుగే. 2011లో నేపాల్ తన ప్రభుత్వ వ్యయాన్ని వాతావరణం దృష్టితో తిరగేసి చూసుకుంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) తోడ్పాటుతో జరిగిన ఆ సమీక్ష తర్వాత చాలా దేశాలకు నమూనా అయింది. 2012-13 బడ్జెట్ నుంచి నేపాల్ జాతీయ ప్రణాళికా సంఘం ప్రతి కార్యక్రమానికీ ఒక కోడ్ ఇవ్వడం ఆరంభించింది. కార్యక్రమం ఖర్చులో 60 శాతానికి మించి వాతావరణానికి సంబంధించిందైతే అత్యంత సంబంధం ఉన్నట్టు, 20 నుంచి 60 వరకైతే సంబంధం ఉన్నట్టు, అంతకు తక్కువైతే లేనట్టు. మంచులో పుట్టే నదులున్న ఒక చిన్న దేశం, చేతిలో ఎక్కువ డబ్బు లేకుండానే, పెద్ద దేశాలకంటే ముందు ఈ పని మొదలుపెట్టింది. పద్ధతి మొరటుగా ఉందని విమర్శించవచ్చు. 59 శాతానికీ 61 శాతానికీ మధ్య గీత గీయడంలో అన్యాయం ఉంది. అయినా గుర్తు ప్రతిపాదన దశలోనే పడుతుంది, ఆ గుణం చాలా పెద్దది.

బంగ్లాదేశ్ కథ దగ్గర కొంచెం ఆగుతాను. దివిసీమకు ఏడేళ్ల ముందు, 1970 నవంబరులో భోలా తుపాను అక్కడ మూడు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ అనుభవం ఉన్న దేశం 2009లో వాతావరణ మార్పుపై ఒక వ్యూహం రాసుకుంది. ఆహార భద్రత, సామాజిక రక్షణ, ఆరోగ్యం ఒక అంశం. విపత్తుల నిర్వహణ మరొకటి. మౌలిక వసతులు, పరిశోధన, ఉద్గారాల తగ్గింపు, సంస్థల సామర్థ్యం, మొత్తం ఆరు. ఆ వ్యూహానికి సొంత ఖజానా నుంచే ఒక ట్రస్ట్ ఫండ్ పెట్టింది, 2010లో దానికి చట్టం చేసింది. ఇచ్చిన డబ్బులో 66 శాతం ప్రాజెక్టులకు, 34 శాతం అత్యవసరానికి డిపాజిట్‌గా ఉంచాలని నియమం. ధనిక దేశాలు చేసిన నష్టానికి పరిహారం రావాలని అడుగుతూనే, అది వచ్చేదాకా తీరంలో జనం మునిగిపోకూడదని తన డబ్బు తాను పెట్టుకున్న దేశం అది. ఆ నిర్ణయాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఆ ట్రస్ట్ ఫండ్‌కు కష్టాలూ వచ్చాయి. డిపాజిట్లలో కొంత ఒక ప్రైవేటు బ్యాంకులో పెడితే ఆ బ్యాంకు దెబ్బతిని డబ్బు చిక్కుకుపోయింది. ప్రాజెక్టుల ఎంపికలో రాజకీయ పలుకుబడి మీద విమర్శలు వచ్చాయి. బడ్జెట్ బయట ఒక సంచి పెడితే దాని మీద కళ్లు తక్కువ ఉంటాయి. దాంతో అక్కడి ఆర్థిక విభాగం 2014లో వాతావరణ ద్రవ్య చట్రం రాసి, దృష్టిని ప్రత్యేక నిధి మీంచి మొత్తం బడ్జెట్ మీదికి మళ్లించింది. 2017-18లో ఆరు మంత్రిత్వ శాఖలతో క్లైమేట్ బడ్జెట్ నివేదిక మొదలైంది, తర్వాత 25 శాఖలకు పెరిగింది. ఏటా బడ్జెట్‌తో పాటే వస్తుంది. ప్రతి ప్రాజెక్టుకూ వ్యూహంలోని అంశాలకు ముడిపెట్టి ఇంత శాతమని బరువు ఇస్తారు, ఆ శాతం మేరకే డబ్బు లెక్కలోకి వస్తుంది. ఆ 25 శాఖల బడ్జెట్లో వాతావరణం వాటా చాలా ఏళ్లుగా ఏడు నుంచి పది శాతం మధ్య ఉంటోంది. మన 5.6 శాతం దేశం మొత్తం ఉత్పత్తిలో వాటా, అది కొన్ని శాఖల బడ్జెట్లో వాటా. రెండింటినీ పక్కపక్కన పెట్టి మనదే గొప్ప అనుకోకూడదు. అక్కడి పద్ధతి వేరు. ప్రాజెక్టు పేరు, శాఖ పేరు, ఇచ్చిన శాతం, దాని వెనక వ్యూహంలోని అంశం, అన్నీ ముద్రించి ఉంటాయి. ఢాకాలో ఒక విలేఖరి ఆ పట్టిక తెరిచి, ఫలానా కట్టకు ఇంత శాతం ఎందుకిచ్చారని అడగగలడు.

ఈ నివేదికల్లోకి రాని ఖర్చు ఒకటుంది. లండన్‌లోని ఐఐఈడీ సంస్థ 2019లో చేసిన అధ్యయనం ప్రకారం బంగ్లాదేశ్ గ్రామీణ కుటుంబాలు తుపానులు, వరదల నుంచి కాపాడుకోవడానికి, పడిపోయింది మళ్లీ కట్టుకోవడానికి ఏటా దాదాపు 200 కోట్ల డాలర్లు సొంతంగా పెడుతున్నాయి. అది ప్రభుత్వం పెట్టేదానికంటే ఎక్కువ. అరుగు ఎత్తు పెంచుకోవడం, మట్టిగోడ మళ్లీ పెట్టుకోవడం, చచ్చిన గేదె స్థానంలో మరొకటి కొనడం: ఏ పద్దులోనూ లేని ఖర్చు ఇది, చాలాసార్లు అప్పు చేసి పెట్టేది. మన శ్రీకాకుళం తీరంలో తిత్లీ తుపాను తర్వాత కొబ్బరి, జీడి తోటలు పోయిన రైతులు పెట్టుకున్న ఖర్చు కూడా ఈ కోవలోదే. ప్రభుత్వ వ్యయాన్ని ట్రాక్ చేస్తున్నామని చెప్పేవాళ్లు, ప్రభుత్వం పెట్టనందువల్ల ఎవరి మీద భారం పడిందో కూడా కనీసం ఒక పేరాలో రాయాలి.

మన దేశానికి వద్దాం. మనకు గుర్తులు వేయడం కొత్త కాదు. ఎస్సీ ఉపప్రణాళికకు బడ్జెట్లో మైనర్ హెడ్ 789 ఉంది, గిరిజన ఉపప్రణాళికకు 796 ఉంది. దేశంలోనే తొలిసారిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఉపప్రణాళికలకు చట్టబద్ధత కల్పించింది. దాని వెనక దళిత, గిరిజన సంఘాల సుదీర్ఘ పోరాటం ఉంది. ఆ చట్టం అమలైన తీరును దగ్గరగా చూసినవాళ్లకు గుర్తు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసు. అందరూ నడిచే రోడ్డు ఖర్చులో జనాభా దామాషా చొప్పున ఒక వాటా 789 కింద రాశారు. కాగితం మీద వాటా నిండింది, వాడకు దారి పడలేదు. బడ్జెట్‌లో పెట్టి సవరించిన అంచనాల్లో కోశారు, మార్చి 31తో మిగిలింది మురిగిపోయింది. ఖర్చుకాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపాలన్న నిబంధన 2017లో తెలంగాణ తెచ్చిన చట్టంతో గానీ రాలేదు. క్లైమేట్ బడ్జెట్ రాసే ప్రతి అధికారీ ముందు ఉపప్రణాళిక చరిత్ర చదవాలని నా కోరిక. వాతావరణానికి 789 లాంటి హెడ్ ఇంకా లేదు. పెట్టేముందే ఆ పాత దారిలో పడకుండా జాగ్రత్తపడవచ్చు.

జాగ్రత్త పడటమంటే ముఖ్యంగా కాలమ్‌ల గురించి. బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు ఉంటాయి. ప్రపంచంలో చాలా క్లైమేట్ బడ్జెట్లు బడ్జెట్ అంచనా కాలమ్‌కే గుర్తు వేసి ఆగిపోతాయి. ఫిబ్రవరిలో ప్రకటించిన కేటాయింపుకు గుర్తు వేసి ప్రచారం చేసుకున్నాక, బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఎంతకు వచ్చిందో, ఎన్ని బిల్లులు ట్రెజరీలో ఆగిపోయాయో, ఎంత డబ్బు పీడీ (వ్యక్తిగత డిపాజిట్) ఖాతాలోకి మళ్లించి ఖర్చయినట్టు చూపారో ఎవరూ వెతకరు. ఈ పీడీ ఖాతాల గురించి కాగ్ ఎన్నిసార్లు రాసిందో ఈ సభలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాస్తవ ఖర్చు కాలమ్ దాకా రాని గుర్తు వల్ల తుపాను షెల్టర్‌కు తలుపు కూడా రాదు.

ప్రత్యేక పన్ను వేసి విడిగా నిధి పెడితే ఇంతకంటే నయంగా ఉంటుందని కొందరు అంటారు. బొగ్గు సెస్సు చూడండి. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్సు వేసి జాతీయ క్లీన్ ఎనర్జీ నిధి పెట్టారు. కాలుష్యం చేసేవాడి దగ్గర తీసుకుని శుభ్రమైన విద్యుత్తుకు ఇవ్వాలన్న చక్కటి ఆలోచన. సెస్సు 2014లో 100కి, తర్వాత 200కి, 2016లో 400కి పెరిగింది. 2017-18 వరకు వసూలైంది సుమారు 86,440 కోట్ల రూపాయలు. అందులో నిధికి బదిలీ అయింది సుమారు 29,650 కోట్లు. ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్ల కంటే తక్కువ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ 400 రూపాయలు రాష్ట్రాలకు పరిహారమిచ్చే సెస్సుగా మారిపోయాయి. రాష్ట్రాలకు పరిహారం అవసరమే, దాన్ని తప్పుపట్టను. ఒక పేరుతో పౌరుల దగ్గర తీసుకున్న డబ్బు ఆ పేరుకు చేరిందా అని ఏటా చెప్పే నియమం లేకపోవడమే అసలు లోపం. 2015లో నాబార్డ్ ద్వారా మొదలైన జాతీయ అడాప్టేషన్ (వాతావరణ మార్పును తట్టుకునే) నిధి కింద దేశమంతటికీ 30 ప్రాజెక్టులు, సుమారు 847 కోట్లు మంజూరయ్యాయి. వసూలైన సెస్సులో అది నూటికి ఒక్క రూపాయి కూడా కాదు.

లెక్క కచ్చితంగా చెప్పడం మన కేంద్ర ప్రభుత్వానికి చేతకాదని ఎవరూ అనలేరు. 2023 జనవరి, ఫిబ్రవరిల్లో రెండు విడతలుగా 16,000 కోట్ల రూపాయల సావరిన్ గ్రీన్ బాండ్లు అమ్మారు. దానికి ముందు 2022 నవంబరులో ఏ ఖర్చు అర్హం, ఏది కాదు అని ఒక పత్రం ప్రకటించారు, ప్రధాన ఆర్థిక సలహాదారు అధ్యక్షతన కమిటీ వేశారు, వచ్చిన డబ్బు దేనికి వాడారో చెబుతామని మాట ఇచ్చారు. బాండ్ కొనేవాడు అడుగుతాడు కాబట్టి ఆ క్రమశిక్షణ వచ్చింది. బాండు కొన్నవాడికి చూపే పట్టికను పన్ను కట్టేవాడికీ చూపాలి. దానికి కొత్త విద్య ఏమీ అక్కర్లేదు.

గుర్తు మంచి ఖర్చుకు మాత్రమే వేస్తే చిత్రం సగమే. ఫ్రాన్స్ 2021 బడ్జెట్‌తో పాటు ప్రచురించిన పచ్చ బడ్జెట్‌లో పర్యావరణానికి మేలు చేసే ఖర్చులతో పాటు చెడు చేసేవాటినీ, ఇంధనాలపై పన్ను రాయితీలతో సహా, చూపించింది. మన దగ్గర ఆ పట్టిక రాయాలంటే ధైర్యం కావాలి. ఉదాహరణకు వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు. 2004 నుంచి అమల్లో ఉన్న ఈ పథకం వల్ల ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో నాకు తెలుసు, దాన్ని తీసేయాలని నేను అనను. కరువు ఏడాదిలో బోరు కింద ఒక ఎకరా బతికితే అది వాతావరణాన్ని తట్టుకోవడమే. అదే బోరు భూగర్భ జలాన్ని తోడేస్తే, ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే, వచ్చే కరువుకు మనం మరింత బలహీనులమవుతాం. ఒకే పద్దుకు రెండు గుర్తులూ పడాలి. అలా రాసి చూపినప్పుడే చెరువుల పూడికతీతకు, సూక్ష్మసేద్యానికి, పగటిపూట సోలార్ పంపులకు ఎంత పెడితే ఆ భారం తగ్గుతుందో రైతు సంఘాలతో కూర్చుని మాట్లాడగలం. లెక్క దాచినంతకాలం ఆ సంభాషణే ఉండదు.

ముందుగా లెక్కవేయడమంటే ఏమిటో రెండు చోట్ల బాగా కనబడుతుంది. నార్వే రాజధాని ఓస్లో 2017 బడ్జెట్ నుంచి ఉద్గారాలకు కూడా డబ్బుకు పెట్టినట్టే ఏడాది పరిమితి పెట్టుకుంటోంది. ఏ చర్య వల్ల ఎన్ని టన్నులు తగ్గుతాయి, బాధ్యత ఏ విభాగానిది అన్నది బడ్జెట్‌లోనే రాస్తారు, ఆర్థిక విభాగమే అడుగుతుంది. ముంబయి నగరపాలక సంస్థ 2024లో ఆ బాటలో తన మొదటి క్లైమేట్ బడ్జెట్ తెచ్చింది. ఓస్లో సంపన్న నగరం, దాని సమస్య ముఖ్యంగా ఉద్గారాలు. మనకు దగ్గరి పాఠం ఒడిశా. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం అది. 2019లో ఫణి తుపాను వచ్చినప్పుడు 12 లక్షల మందిని ముందే తరలించింది. 2020-21 నుంచి బడ్జెట్ పత్రాలతో క్లైమేట్ బడ్జెట్ కూడా ఇస్తోంది. ఒడిశా ఆర్థిక శాఖ ఒక్కో పథకం గురించి రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈ పథకం వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి ఎంత పనికొస్తుంది? వాతావరణ మార్పు వల్ల ఈ పథకానికే ఎంత దెబ్బ తగలవచ్చు?

రెండో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొదటి ప్రశ్నకు జవాబు రాయడంలో ప్రతి శాఖకూ ఆసక్తి ఉంటుంది, గుర్తు పడితే పేరొస్తుంది. రెండో ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. నువ్వు కట్టబోయే వంతెన, కాలువ, పాఠశాల, ఆసుపత్రి ఎంత వానకు తట్టుకుంటుందని అడుగుతుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. గండ్లు పడ్డ కట్టలు, నీరు వెళ్లాల్సిన దారిలో పెరిగిన కాలనీలు, వీటన్నిటి మీదా అంతకుముందు ప్రభుత్వ డబ్బు ఖర్చయింది: రోడ్లకు, డ్రైన్లకు, కరెంటుకు, ఇళ్ల పథకాలకు. ఆ పద్దుల్లో దేని మీదా వాతావరణమన్న మాట ఉండదు. ఆ పద్దులు మంజూరు చేసే రోజున, ఇక్కడ నీళ్లు నిలిస్తే ఏమవుతుందని ఎవరైనా రాతపూర్వకంగా అడిగి ఉంటే కొన్నిటి స్థలం మారేది, కొన్నిటి ఎత్తు మారేది.

ఎండల సంగతీ ఇంతే. 2015లో దేశంలో రెండువేల మందికి పైగా వడదెబ్బకు పోతే వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాలవారే. 2025లో తెలంగాణ వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం పెట్టింది. మంచి నిర్ణయం, ఆలస్యంగానైనా. అయితే పరిహారం ప్రాణం పోయాక వచ్చేది. ఉపాధి కూలీ పనివేళలు, బస్టాండులో నీడ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐసు, సెలైను: ఇవి నాలుగైదు శాఖల మామూలు పద్దుల్లో చిన్నచిన్న మొత్తాలుగా ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి చూసే పట్టిక లేదు కాబట్టి ఏప్రిల్‌లో వాటిలో ఏది ఖాళీగా ఉందో ఎవరికీ తెలియదు.

డబ్బు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు లెక్కగట్టి, అందులో 20 శాతం విపత్తు రాకముందు చేసే నివారణ పనులకే అని విడిగా కట్టిపెట్టింది. విఠల్‌గారు కూర్చున్న ఆర్థిక సంఘం సహాయం దాకా వెళ్లింది, ఇది నివారణ దాకా వచ్చింది. ఆ 20 శాతం ఏ వాగు మీద, ఏ కట్ట మీద ఖర్చయిందో ప్రతి రాష్ట్రమూ ఊరి పేర్లతో ప్రచురించాలి.

ఏటా వర్షాకాలం ముగిసే వేళకు రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక శాఖలూ వచ్చే సంవత్సరం ప్రతిపాదనలు పంపమని అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపిస్తాయి. ఏ ఫారంలో ఏ అంకె నింపాలో అందులో ఉంటుంది. ఆ ఫారంలో రెండు కాలమ్‌లు చేర్చమని ఆర్థిక శాఖలను కోరుతున్నాను. ఈ పనిలో వాతావరణం కోసం చేసే అదనపు ఖర్చు ఎంత, ఏ నియమం ప్రకారం అన్నది ఒకటి. ఈ పని వరదకు, ఎండకు, ఉప్పెనకు ఎంతవరకు నిలుస్తుంది, నిలవకపోతే ఏం మారుస్తారు అన్నది రెండోది. రెండో కాలమ్ ఖాళీగా వచ్చిన ప్రతిపాదనను వెనక్కి పంపాలి. రెండేళ్ల తర్వాత అదే వరసలో వాస్తవ ఖర్చు కూడా ముద్రించి శాసనసభ ముందు పెట్టాలి. ముందు ఐదారు శాఖలతో చాలు: నీటిపారుదల, పంచాయతీరాజ్, మునిసిపల్, వ్యవసాయం, ఇంధనం, ఆరోగ్యం. దీనికి చట్టం అక్కర్లేదు, కేంద్రం అనుమతి అక్కర్లేదు. ఆర్థిక కార్యదర్శి సంతకం చాలు. ఈ సభలో ఉన్న పరిశోధక విద్యార్థులు వచ్చే సర్క్యులర్ ప్రతిని సమాచార హక్కు కింద తెప్పించుకుని, ఆ కాలమ్‌లు ఉన్నాయో లేదో చూడమని అడుగుతున్నాను. లేకపోతే ఎందుకు లేవని అదే శాఖకు ఉత్తరం రాయండి.